ఒక గుడ్డ సంచి కార్బన్ ఫుట్‌ప్రింట్ ఎంత? లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రాసినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. ఉప్పల్‌లో పదిమంది మహిళలు కలిసి గుడ్డ సంచులు కుడుతున్నారు. హైటెక్ సిటీలోని ఒక కంపెనీ తమ సదస్సుకి 5,000 సంచులు కావాలంటూ, ఒక్కో సంచి కార్బన్ ఫుట్‌ప్రింట్ (అంటే దాని వల్ల గాలిలో కలిసే, వాతావరణాన్ని వేడెక్కించే వాయువుల మొత్తం, కార్బన్ డయాక్సైడ్ లెక్కలో) ఎంతో రాసి ఇమ్మంది. ఆ లెక్క ఎలా వేయాలన్నది మొదటి ప్రశ్న. సంచి మీద ‘పర్యావరణ హితం’ అని ప్రింట్ చేసుకోవచ్చా అన్నది రెండోది. మూడోది మీ తమ్ముడు తెచ్చిపెట్టిన టెన్షన్: గుడ్డ సంచిని 20,000 సార్లు వాడితేగానీ ప్లాస్టిక్ కవర్ కన్నా మేలు కాదని డెన్మార్క్ నివేదిక చెబుతోందట, అంటే మనం చేస్తున్న పనే తప్పా అని.

మూడో ప్రశ్నతోనే మొదలుపెడతాను. దానికి జవాబు తెలిస్తే మిగతా రెండూ సులువవుతాయి.

ఆ నివేదిక నిజమైనదే. డెన్మార్క్ పర్యావరణ పరిరక్షణ సంస్థ 2018లో ప్రచురించింది. కానీ 20,000 అన్న అంకె మామూలు పత్తి సంచిది కాదు, సేంద్రియ పత్తి సంచిది. అదీ వాతావరణ మార్పు ఒక్కదాన్నే చూస్తే వచ్చింది కాదు. ఓజోన్ పొర, నీరు, నేల వంటి చాలా సూచికల్లో అన్నిటికన్నా చెడ్డగా వచ్చినదాన్ని పట్టుకుంటే వచ్చిన అంకె. వాతావరణ మార్పు వరకే చూస్తే అదే నివేదికలో మామూలు పత్తి సంచికి 52 సార్లు, సేంద్రియ పత్తి సంచికి 149 సార్లు అని ఉంది. వారానికోసారి కూరగాయలకు తీసుకెళ్తే 52 సార్లంటే ఒక ఏడాది.

మరి సేంద్రియ పత్తికి దాదాపు మూడు రెట్లు ఎందుకు వచ్చింది? దీన్ని కాస్త విప్పి చూడాలి. వాళ్లు లెక్కకు ఆధారంగా తీసుకున్న పని ఇది: సూపర్‌మార్కెట్ నుంచి ఇంటికి ఒక్కసారి 22 లీటర్ల పరిమాణం, 12 కిలోల బరువు సామాను మోసుకెళ్లడం. వాళ్లకు దొరికిన సేంద్రియ పత్తి సంచి సైజు 22 లీటర్లకు కొంచెం తక్కువైంది. అందుకని ఆ పనికి రెండు సంచులు కావాలని లెక్క వేశారు. దానికి తోడు సేంద్రియ సాగులో దిగుబడి 30 శాతం తక్కువ అనుకున్నారు. ఈ రెండూ గుణిస్తే చాలు, మూడు రెట్లకు దగ్గరగా వచ్చేస్తుంది. కొద్ది అంగుళాల గుడ్డ ఎక్కువ వేసి కుట్టి ఉంటే ఆ అంకె సగానికి పడిపోయేది.

రెండో సంగతి, పోల్చిన కవర్ ఎలాంటిదన్నది. అక్కడి సూపర్‌మార్కెట్లో కవర్ ఇంటికొచ్చాక చెత్తబుట్టలో సంచిగా మారుతుంది, తర్వాత కరెంటూ వేడీ తయారుచేసే ప్లాంటులో కాలుతుంది. రోడ్ల మీదా కాలవల్లో పడే కవర్లు అక్కడ లెక్కలోకి తీసుకోవలసినంత లేవని వదిలేశారు. డెన్మార్క్‌కి అది సరైన ఊహే కావచ్చు. కానీ జులైలో గట్టిగా ఒక వాన పడ్డాక మన నాలాల దగ్గర జల్లెడలకు ఏం పట్టుకుంటుందో ఉప్పల్‌లో ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనంలో పత్తి సంచికి 131 సార్లు అని వచ్చింది. దేశం మారింది, పోల్చిన కవర్ మారింది, అంకె మారింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

అందుకే ఎవరైనా ఫుట్‌ప్రింట్ అంకె చెప్పగానే నేను ముందు అడిగేది, అది ఏ పనికి వేసిన లెక్క అని. ఇలాంటి లెక్కలకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ఓ 14040, 14044 ప్రమాణాలు కూడా అక్కడే మొదలవుతాయి. లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్‌లో, అంటే ఒక వస్తువు పుట్టుక నుంచి పారేసేదాకా పర్యావరణం మీద పడే భారాన్ని లెక్కించే పద్ధతిలో, దీన్ని ఫంక్షనల్ యూనిట్ అంటారు. ‘ఒక సంచి’ అన్నది మీ అమ్మకం లెక్క. పర్యావరణం లెక్కలో అది సరిపోదు. మెహదీపట్నం రైతుబజార్ నుంచి ఇంటికి 5 కిలోల కూరగాయలు ఒకసారి తీసుకెళ్లడం అన్నది ఒక పని. ఆ పనికి మీ సంచి వాటా ఎంత, కవర్ వాటా ఎంత అని చూడాలి.

ఇక మొదటి ప్రశ్న, లెక్క. పెద్ద సాఫ్ట్‌వేర్ అవసరం లేదు, ఎక్సెల్ చాలు. కావాలంటే ఓపెన్‌ఎల్‌సీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. కానీ దానిలోకి పంపడానికి ఒక్కో సరుకు భారం అంకెలుండే డేటాబేస్ కావాలి, మంచి డేటాబేస్‌లకు డబ్బు కట్టాలి. మీ స్థాయికి మొదటి లెక్క చేత్తో వేసుకోవడమే నయం. ఎక్కడ భారం ఎక్కువుందో మీ కళ్లకే కనబడుతుంది.

మొదట పొలం. పత్తి దగ్గర పెద్ద భారం యూరియాది. అది తయారవడానికి పట్టే గ్యాస్ ఒకటి, పొలంలో చల్లాక నేలలోంచి లేచే నైట్రస్ ఆక్సైడ్ మరొకటి. ఈ రెండోది చాలామంది మరచిపోతారు. 45 కిలోల బస్తాలో నైట్రోజన్ 46 శాతం, అంటే 20.7 కిలోలు. అందులో ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్ రూపంలో పోతుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ ఇచ్చిన సాధారణ గుణకం. ఆ వాయువు బరువు 325 గ్రాములే, కానీ వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కి 273 రెట్ల ప్రభావం. మొత్తం దాదాపు 89 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఒక్క బస్తాకి. తెలంగాణలో పత్తి ఎక్కువగా వర్షాధారం కాబట్టి నీళ్ల లెక్క, మోటారు కరెంటు లెక్క తగ్గుతాయి. కానీ వానలు సరిగా లేక దిగుబడి పడిపోయిన ఏడాది అదే బస్తా భారం తక్కువ పత్తి మీద పడుతుంది.

తర్వాత జిన్నింగ్ మిల్లు, అంటే పత్తి నుంచి గింజను వేరుచేసే చోటు. ఇక్కడ ఒక చిక్కుంది, కన్సల్టెంట్లు మీకు చెప్పకుండా దాటేసేది ఇదే. క్వింటాలు పత్తిలో దూది మూడో వంతు, మిగిలిందంతా గింజ. గింజ నూనెకూ పశువుల దాణాకూ పోతుంది. మరి పొలం భారాన్ని రెండిటికీ ఎలా పంచాలి? బరువు ప్రకారం పంచితే దూది మీద మూడో వంతే పడుతుంది. ధర ప్రకారం పంచితే, దూది కిలో ధర గింజ ధరకు మూడు నాలుగు రెట్లుంటుంది కాబట్టి, అరవై శాతం పైనే పడుతుంది. రెండూ ప్రమాణాలు ఒప్పుకునే పద్ధతులే. పద్ధతి మార్చి పొలం భారాన్ని సగానికి తగ్గించి చూపించొచ్చు, పొలంలో మాత్రం ఏమీ మారదు. ఏ పద్ధతి తీసుకున్నారో రాయని అంకెను నేను నమ్మను. మీరూ నమ్మకండి.

నూలు, నేత, ఉతుకు, రంగు. ఈ దశలన్నీ కరెంటు, ఆవిరి. మన గ్రిడ్ కరెంటుకి సీఈఏ, అంటే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, ఏటా గుణకం ప్రకటిస్తుంది. యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. బొగ్గు వాటా ఎక్కువ కాబట్టి మనది పెద్ద అంకె. యూరప్ డేటాబేస్‌లోని నేత గుడ్డ అంకెను తెచ్చి ఇక్కడ అతికిస్తే మొదటి తప్పు అక్కడే జరుగుతుంది. మీరు కొనే కోరా గుడ్డ సిరిసిల్ల మరమగ్గాలదా, తమిళనాడులోని ఈరోడ్ నుంచి వచ్చిందా, బాయిలర్ బొగ్గుతో నడుస్తుందా, వరి పొట్టుతోనా అని వ్యాపారిని అడగండి. చాలామంది చెప్పరు. కొందరు చెబుతారు. చెప్పినవాళ్ల దగ్గర కొనడం మొదలుపెడితే అదే మీ మొదటి మెరుగుదల.

ఇప్పుడు మీ సంచిని తూద్దాం. 80 గ్రాములు అనుకుందాం. కటింగ్‌లో పోయే పీలికలు కలిపితే 88 గ్రాముల గుడ్డ. కిలో గుడ్డకు 8 కిలోల కార్బన్ (డయాక్సైడ్‌తో సమానమైన భారం) అని ప్రస్తుతానికి ఊహగా పెట్టుకుంటున్నాను, మీ మిల్లు వివరాలు వచ్చాక మారుద్దాం. అప్పుడు గుడ్డ వాటా 704 గ్రాములు. మీ షెడ్డులో నెలకు 300 యూనిట్లు కాలి 6,000 సంచులు బయటికొస్తే ఒక్కోదానికి 35 గ్రాములు. ఈరోడ్ నుంచి 900 కిలోమీటర్లు లారీలో వచ్చినా, టన్ను కిలోమీటరుకు 100 గ్రాముల లెక్కన, ఒక సంచి గుడ్డకు 8 గ్రాములే. దారం, ప్రింటింగ్ రంగు కూడా కలిపితే మొత్తం సుమారు ముప్పావు కిలో.

ఈ అంకెల్ని ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. లారీ దూరం గురించి అందరూ బాధపడతారు, దాని వాటా ఒక్క శాతం. షెడ్డు మీద సోలార్ పెడదామని మీరు రాశారు. బిల్లు తగ్గుతుంది, పెట్టండి, కానీ సంచి ఫుట్‌ప్రింట్‌లో అది కదిలించేది ఐదు శాతమే. తొంభై శాతం పైన గుడ్డలోనే ఉంది. కాబట్టి పీలికలు తగ్గేలా కటింగ్ మార్కింగ్ మార్చడం సోలార్ ప్యానెల్ కన్నా ఎక్కువ పనిచేయొచ్చు. ఇంకో అంకె: లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బండి మీద ఒక్క సంచిని మూడు కిలోమీటర్లు డెలివరీకి పంపితే దాదాపు 140 గ్రాములు. ఈరోడ్ నుంచి వచ్చిన దారికి దాదాపు పదిహేడు రెట్లు. విడిగా ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

కిలో గుడ్డకు నేను పెట్టిన 8 సరైనదేనా? ఆరు అయితే మొత్తం 570 గ్రాములు, పన్నెండు అయితే 1.1 కిలోలు. నివేదికలో ఈ మూడూ రాయండి. ఒకే అంకెను దశాంశాలతో రాస్తే నమ్మకంగా కనబడుతుందని కొందరు అనుకుంటారు. కొనేవాళ్లలో చదువుకున్నవాడు ఉంటే మొదట అనుమానించేది దాన్నే.

ఇక కవర్‌తో పోలిక. పాలిథీన్ గింజ తయారీ, కవర్‌గా సాగదీయడం కలిపి కిలోకు 2.5 కిలోలు అనుకుందాం. 10 గ్రాముల పల్చటి కవర్ అయితే 25 గ్రాములు. మీ సంచి దానికి సమానమవ్వాలంటే 30 సార్లు వాడాలి. కానీ ఆ పల్చటి కవర్ ఇప్పుడు చట్టం ప్రకారం అమ్మకూడదు. 2022 డిసెంబరు 31 నుంచి క్యారీబ్యాగ్ 120 మైక్రాన్లు ఉండాలి. 40 బై 50 సెంటీమీటర్ల కవర్ ఆ మందంలో దాదాపు 44 గ్రాములు తూగుతుంది, అంటే 110 గ్రాముల కార్బన్. దానితో పోలిస్తే ఏడుసార్లు వాడితే మీ సంచి గెలిచింది. అయితే ఆ మందం కవర్ని జనం కూడా మళ్లీ మళ్లీ వాడతారు కాబట్టి అక్కడా ఎన్నిసార్లన్నది అడగాలి. బట్టల షాపుల్లో ఇచ్చే, గుడ్డలా కనబడే నాన్‌వోవెన్ సంచి కూడా పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్కే. కొనేవాళ్లకు ఆ తేడా మీరే చెప్పాలి.

చూశారా, ముప్పావు కిలో అన్నది గుడ్డ అంకెను బట్టి అటూ ఇటూ మారినా రెట్టింపు దాకా పోదు. మూడుసార్లు వాడి మూలన పడేస్తే ఒక్కో వాడకానికి 250 గ్రాములు. వారానికోసారి రెండేళ్లు వాడితే 7 గ్రాములు. ముప్పై అయిదు రెట్ల తేడా. సేంద్రియ పత్తి, సోలార్, దగ్గరి మిల్లు, ఇవేవీ కలిసినా ఇంత తేడా తేలేవు. మీ సంచి ఫుట్‌ప్రింట్‌ని నిర్ణయించేది చేతిపట్టీ దగ్గరి కుట్టు, అడుగు భాగం వెడల్పు, సంచి ఎవరి చేతికి వెళుతోందన్నది. పట్టీ కలిసేచోట చతురస్రంలో అడ్డకుట్టు వేయండి. అడుగున మడత ఇచ్చి నిలబడేలా చేయండి. సొరకాయ పెడితే పట్టేంత లోతు ఉంచండి. ముదురు రంగు అయితే మట్టి మరక పడినా జనం వాడతారు, తెల్ల కోరా సంచి రెండో వారానికే గుడ్డపేలిక అయిపోతుంది. ఉతకడం గురించి పెద్దగా బెంగ వద్దు, ఇంటి బట్టలతో కలిపి వేసి ఎండలో ఆరేస్తే వచ్చే భారం చాలా చిన్నది.

ఈ లెక్కంతా చూశాక ఆ కంపెనీ ఆర్డర్ గురించి నాకు నిజంగా బాధగా ఉంది. సదస్సు పేరు, తేదీ పెద్దగా అచ్చువేసిన 5,000 సంచులంటే 3,750 కిలోల కార్బన్. వాటిలో సగం డెస్క్ కింద ఉండిపోతాయి. మీకు ఆర్డర్ ముఖ్యం, వద్దనమని నేననను. కానీ మాట్లాడి చూడండి: తేదీ తీసేసి లోగో చిన్నగా లోపలి వైపు వేద్దాం, సంచి కావాలన్నవాళ్లకే ఇద్దాం, 5,000 బదులు 3,000 చేసి కుట్టు గట్టిగా వేసి ధర కొంచెం పెంచుదాం అని. ఫుట్‌ప్రింట్ అడిగిన కంపెనీ కాబట్టి వినే అవకాశం ఉంది.

ఇంకో దారి కూడా ఉంది, నాకు ఇష్టమైనది. పాత కాటన్ చీరలు, దుప్పట్లు. వాడేసిన గుడ్డను తీసుకుంటే, కట్-ఆఫ్ అనే లెక్క పద్ధతిలో పొలం, నూలు, నేత భారమంతా దాని మొదటి జీవితానికే చెందుతుంది. మీకు పడేది సేకరణ, ఉతుకు, కుట్టు మాత్రమే. మీ షెడ్డు లెక్కన అది వంద గ్రాముల లోపే ఉండాలి. ఒక జాగ్రత్త: షాపులో అమ్ముడుపోని కొత్త చీరల్ని డబ్బిచ్చి కొని ‘పాతవి’ అంటే ఈ లెక్క చెల్లదు. ఇంటింటి నుంచి తెచ్చినట్టు రిజిస్టర్ రాసుకోండి.

మీ గేటు దాకా వేసిన ఈ కార్బన్ లెక్కలో పట్టనివి కూడా చెప్పాలి. కాలవ అడ్డుపడి బస్తీలోకి నీళ్లు రావడం, ఆవు కడుపులో కవర్లు చేరడం, వీటికి ఈ పద్ధతిలో సూచిక లేదు. మరోవైపు, చెత్తలో కలిసి జవహర్‌నగర్ లాంటి చోట పూడిపోయిన గుడ్డ గాలి తగలక కుళ్లి మీథేన్ వదులుతుంది, ప్లాస్టిక్ వదలదు. పత్తికి కొట్టే పురుగుమందు కార్బన్ అంకెలో దాదాపు కనిపించదు, కానీ కొట్టే మనిషి ఒంట్లో కనిపిస్తుంది. ఇవన్నీ మీ నివేదికలో అంకెలు లేకుండానే, మాటల్లో, ఒక పేరాగా రాయండి. అంకెలోకి రాలేదని విషయం లేకుండా పోదు.

రెండో ప్రశ్నకి జవాబు చిన్నది. ‘పర్యావరణ హితం’, ‘గ్రీన్’, ‘కార్బన్ న్యూట్రల్’ లాంటి మాటల్ని ఉత్తినే వేయకండి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో గ్రీన్‌వాషింగ్ (ఆధారం లేకుండా పర్యావరణ హితమని చెప్పుకోవడం) మీద మార్గదర్శకాలు తెచ్చింది. అలాంటి మాట వాడితే దేని ఆధారంగా అంటున్నారో పక్కనే చెప్పాలి, ఆధారం చూపగలగాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 చట్టం ప్రకారం తొలిసారి 10 లక్షల దాకా జరిమానా ఉంది. ‘ప్లాస్టిక్ కన్నా మేలు’ అని బహిరంగంగా పోల్చాలంటే ఐఎస్ఓ 14044 ప్రకారం బయటి నిపుణుల సమీక్ష జరగాలి, మీ బడ్జెట్‌కి అది ఇప్పుడు వద్దు. సంచి లోపలి లేబుల్ మీద ఇలా వేయొచ్చు: ‘80 గ్రాముల పత్తి గుడ్డ. ఉప్పల్‌లో కుట్టినది. కనీసం 50 సార్లు వాడండి. పట్టీ తెగితే తీసుకురండి, ఉచితంగా కుట్టి ఇస్తాం.’ ఇందులో ప్రతి మాటా మీరు నిరూపించగలరు. ఆ చివరి మాట నిలబెట్టుకుంటే వాడకాలు ఇంకా పెరుగుతాయి.

కంపెనీకి రెండు పేజీలు ఇస్తే చాలు. మొదట ఫంక్షనల్ యూనిట్, తర్వాత పొలం నుంచి మీ గేటు దాకా మాత్రమే లెక్క వేశామన్న మాట, గింజకూ దూదికీ భారం పంచిన పద్ధతి, కరెంటు గుణకం ఏ ఏడాదిదో, కిలో గుడ్డకు తీసుకున్న అంకె ఎక్కడిదో, చివర తక్కువ, మధ్య, ఎక్కువ అన్న మూడు ఫలితాలు. గడువు దగ్గరపడిందని కంగారుపడి ఇంటర్నెట్‌లో దొరికిన అంకెను కాపీ చేయకండి. మూడు నెలల కరెంటు బిల్లులు, గుడ్డ ఇన్‌వాయిస్‌లు, ఒక రోజు పీలికల బరువు, పది సంచుల బరువు తీసి ఇక్కడ రాయండి. కూర్చుని మీతో పాటు షీట్ నింపుతాను.